అమీర్‌పేట ఒంటిస్తంభం మేడ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అమీర్‌పేట మెట్రో స్టేషన్ వారి దివ్యసముఖమునకు,

రోజూ మీ మెట్లెక్కి, మీ గేట్ల మధ్య నలిగి, కింది రైలు దిగి పై రైలు కోసం పరుగులు పెట్టే నగరవాసులం రాసుకునే విన్నపం ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం, మోకాళ్ళు తప్ప. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు, మైత్రీవనం దగ్గర్నించే కనబడుతోంది.

ముందు మీ వైభవం ఒప్పుకుని తీరాలి. 2017 నవంబరు 28న హైదరాబాద్ మెట్రో ప్రారంభమైనప్పుడు ఒక కొస మియాపూర్, ఇంకో కొస నాగోల్, నడుమ బండి మారే చోటు మీరు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ దాకా, 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం దాకా రైళ్ళు సాగాయి. ఎటు సాగినా మీ పలుకుబడే పెరిగింది. ఆఖరికి కూకట్‌పల్లి మనిషి హైటెక్ సిటీకి మెట్రోలో పోదామనుకున్నా, ఊరి నడిమధ్యకి వచ్చి, తమరి దర్శనం చేసుకుని, మళ్ళీ పడమరకి తిరిగి వెళ్ళాల్సిందే. ఆ రెండు చోట్లా రోడ్డు మీద ఎంత దగ్గరో ఆటోవాణ్ణి అడిగితే చెబుతాడు. మీరు మాత్రం చెప్పరు.

చిన్నప్పుడు కథల్లో రాజకుమారిని దాచిన ఒంటిస్తంభం మేడ గురించి వినే ఉంటారు. మీరు అచ్చం అదే. రోడ్డు మధ్య డివైడర్ మీద ఒకే వరసలో స్తంభాలు నిలబెట్టి, వాటికి రెండు వైపులా చేతులు చాపి, ఆ చేతుల మీద టికెట్ల అంతస్తు, దాని మీద పట్టాలు, పట్టాలకు అటూ ఇటూ ప్లాట్‌ఫారాలు మోయిస్తున్నారు. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసిన కాంక్రీటు ముక్కల్ని రాత్రిపూట తెచ్చి దండలా గుచ్చి కట్టిన వంతెన ఇది. ఇలా ఎందుకంటే కింద రోడ్డు ఇరుకు, ఆ రోడ్డు మీద బస్సు పోవాలి, కారు పోవాలి, రాంగ్ రూట్లో బైకు కూడా పోవాలి. న్యాయమే. ఇంజనీరింగ్‌గా చూస్తే దండం పెట్టాల్సిన పని. కానీ ఆ ఒంటికాలి నిలకడ ఖరీదంతా చివరికి ఎవరి మోకాళ్ళ ఖాతాలో రాశారో ఒకసారి లెక్క చూద్దాం.

మీ కింద లారీలు తగలకుండా పోవాలంటే రోడ్డు మీద అయిదున్నర మీటర్ల ఖాళీ వదలాలి. దాని మీద దూలం మందం కలిపితే టికెట్ల అంతస్తు నేల ఏడు మీటర్ల దగ్గర తేలుతుంది. మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు అనుకుంటే అక్కడికి 45 మెట్ల పైమాటే. అక్కణ్ణించి ప్లాట్‌ఫారానికి ఇంకో అయిదారు మీటర్లు, అంటే మరో 35, 40 మెట్లు. ఇది మామూలు స్టేషన్ లెక్క. తమరు మామూలు స్టేషన్ కాదు కదా! మియాపూర్, ఎల్బీనగర్ మధ్య తిరిగే ఎర్ర లైను కింద ఉంటే, నాగోల్, రాయదుర్గం మధ్య తిరిగే నీలి లైను దాని నెత్తి మీద. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడన్న మాటకి ఊరు కట్టించిన విగ్రహం మీరే.

రైలు మీద మీకున్న శ్రద్ధని తప్పుపట్టం. దానికి నున్నటి పట్టాలు, 25 వేల వోల్టుల తీగ, ముందు పోయే రైలుకీ వెనక వచ్చే రైలుకీ ఎడం ఎంతో క్షణక్షణం కొలిచే సిగ్నలింగు, అన్నీ అమర్చారు. ఆ శ్రద్ధ రైలు తలుపు దగ్గర మొదలై రైలు తలుపు దగ్గరే అయిపోతోంది. ఫుట్‌పాత్ నుంచి తలుపు దాకా మనిషి ఎలా వస్తాడన్న సంగతి మాత్రం ఎక్కడో మిగిలిపోయిన జాగాల్లో ఇమిడ్చారు.

కింద నుంచే మొదలెడదాం. మీ మెట్లు రోడ్డుకి అడ్డంగా దిగవు, రోడ్డు వెంబడే దిగుతాయి. పక్కన షాపుల గోడలు, ఇవతల వాహనాలు, నడుమ ఉన్న సన్నటి పట్టీలో అంతకన్నా దారి లేదు. మనదేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, ఫుట్‌పాత్ మీద మనిషి నడిచే జాగా కనీసం 1.8 మీటర్లు ఉండాలంటుంది. ఆ జాగాలో తమరి మెట్లు, ఎస్కలేటరు పాదం, లిఫ్టు గది వచ్చి కూర్చున్నాక మిగిలేది ఎంత? ఆ మిగిలిందాంట్లోనే మిర్చిబజ్జీల బండి, షేర్ ఆటో ముందు చక్రం, నూట ఇరవై రోజుల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అని కరపత్రాలు పంచే కుర్రాడు. పాపం వాళ్ళ తప్పు లేదు. జనం ఎక్కడ దిగితే బేరం అక్కడ. పైనుంచి దిగినవాడు ఆఖరి మెట్టు మీద ఆగి ఎటు పోవాలో చూసుకుంటాడు, వెనక వచ్చేవాడు వాడి వీపుకి కొట్టుకుంటాడు, ఆ వెనక ఎస్కలేటరు ఆగకుండా మనుషుల్ని తెచ్చి పోస్తూనే ఉంటుంది. అందుకే ఎస్కలేటరు దిగే చోట కొన్ని మీటర్ల ఖాళీ కచ్చితంగా ఉంచమంటారు. మీ దగ్గర ఆ ఖాళీని రోడ్డు భర్తీ చేస్తోంది.

ఎస్కలేటరు మాట వచ్చింది గనక, దాని మీద కాస్త ఎక్కువే రాయాలి. 30 డిగ్రీల వాలు, సెకనుకి అర మీటరు వేగం అనుకుందాం. ఆరు మీటర్లు ఎక్కాలంటే వాలు మీద 12 మీటర్లు, అంటే 24 సెకన్లు. ఇంత చల్లటి సుఖం ఊళ్ళో ఇంకెక్కడా లేదు. అయితే తమరి ఎస్కలేటరుకి పౌరుషం ఎక్కువ. పైన మెట్లు నేలలోకి దూరే చోట దువ్వెన పళ్ళలాంటి పలక ఉంటుంది. రబ్బరు చెప్పు అంచో, చిన్న గులకరాయో, చున్నీ కొసో ఆ పళ్ళ మధ్య ఇరికితే పలక ఇంచుక జరుగుతుంది, దాని వెనకున్న స్విచ్చి మొత్తం యంత్రాన్ని ఆపేస్తుంది. చేతిపట్టీ లోపలికి పోయే మూతి దగ్గర ఇంకో స్విచ్చి. పక్క రేకుకి పాదం నొక్కుకుంటే ఇంకోటి. ఇవి కాక పైనా కిందా ఎర్ర బటన్లు, వాటిని నొక్కి చూడాలన్న కోరిక ఉన్న పిల్లలు. ఆగడం మంచికే, వేళ్ళు మిగులుతాయి. ఒకసారి ఆగాక దానంతటది నడవకూడదు కూడా. సిబ్బంది ఒకరు వచ్చి, ఏం ఇరుక్కుందో చూసి, మీద ఎవరూ లేరని తేల్చుకుని తాళంచెవి తిప్పాలి. ఆ తాళంచెవి ఉన్న మనిషి ఏ అంతస్తులో ఉన్నాడన్నదే అసలు ప్రశ్న.

ఆగిన ఎస్కలేటరుని మెట్లు అనుకుని ఎక్కేవాళ్ళకి ఒక హెచ్చరిక. మామూలు మెట్టు 15 సెంటీమీటర్లయితే ఎస్కలేటరు మెట్టు 20 సెంటీమీటర్ల పైనే. పైగా మొదట్లోనూ చివర్లోనూ రెండుమూడు మెట్లు పొట్టిగా మొదలై పొడుగవుతాయి, పొడుగ్గా ఉండి పొట్టివవుతాయి. కాలు ఒక ఎత్తుకి అలవాటు పడేలోగా ఎత్తు మారిపోతుంది. మనుషులు బోర్లా పడేది ఎక్కువగా అక్కడే. పక్కనున్న అసలు మెట్లు ఎక్కడమే నయం.

ఇంకో చిత్రం. ఒక్క ఎస్కలేటరే పట్టే చోట దాన్ని పైకే తిప్పుతారు. ఎక్కడం కష్టం, దిగడం సుఖం అని ఏ పాతికేళ్ళవాడు తేల్చాడో మరి! మోకాలి చిప్ప అరిగినవాళ్ళకి దిగడమే నరకం. దిగేటప్పుడే బరువంతా వంగిన మోకాలి మీద పడుతుంది. ఈ సంగతి అమీర్‌పేటలో ఏ పెద్దావిణ్ణి అడిగినా చెబుతుంది, కాకపోతే ఆవిడ నోటితో కాదు, రెండు చేతుల్తో రెయిలింగు పట్టుకుని పక్కవాటంగా ఒక్కో మెట్టూ దిగే తీరుతో.

లిఫ్టు ఉంది కదా అంటారు. ఉంది. ఒకటి రోడ్డు నుంచి టికెట్ల అంతస్తుకి. అక్కడ దిగి, గేటు దాటి, ప్లాట్‌ఫారానికి ఇంకో లిఫ్టు. అది కూడా ఎటు పోవాలో ఆ వైపుదే పట్టుకోవాలి. లైను మారాలంటే మళ్ళీ లిఫ్టు. చక్రాల కుర్చీలో వచ్చినవారికి వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా ప్రయాణం అక్కడికి సరి, తక్కినవి ఎంత బాగా పనిచేసినా ప్రయోజనం సున్న. చూపు లేనివాళ్ళ కోసం నేల మీద పసుపు పలకలు కూడా పరిచారు. గీతలున్న పలక పొమ్మంటుంది, చుక్కలున్న పలక ఆగమంటుంది. ఆ రాత కాళ్ళకి తెలిసే రాత. ఆ రాత మీదే ఒక ప్రకటన బోర్డు, ఒక పూలకుండీ, క్యూ కట్టించే ఒక గుంజ తెచ్చి నిలబెట్టడం ఏ స్టేషన్‌కీ శోభ కాదు.

బ్యాగు స్కానరు దాటి గేటు దగ్గరికి వద్దాం. ఇక్కడ తప్పు సగం మాది, ఆ మాట దాచం. గేటుకి కుడిచేతి వైపునున్న, కార్డు చదివే పలక మీద కార్డు ఆనించాలి. ఎడమచేతి వాటం వాళ్ళు అలవాటుగా ఎడమ పక్కన ఆనిస్తారు, పక్క గేటు తెరుచుకుంటుంది, పక్కవాడు కృతజ్ఞతలు కూడా చెప్పకుండా వెళ్ళిపోతాడు. ఆ కార్డు ఇప్పటికే లోపలికి వెళ్ళినట్టు యంత్రం రాసుకుంది, మనిషి మాత్రం బయటే. ఇక కౌంటరుకి పోయి సరిచేయించుకోవడం తప్ప ఎన్నిసార్లు రుద్దినా ఎర్రదీపమే. క్యూఆర్ టికెట్ అయితే ఫోను వెలుగు పెంచి, బొమ్మ నిండుగా కనబడేలా పట్టాలి. అద్దం పగిలిన ఫోను, నలిగిన కాగితం యంత్రానికి రుచించవు. పెట్టెని వెనక ఈడ్చుకుంటూ వెళితే రెక్కలు దాన్ని రెండో మనిషి అనుకుని మూసుకుంటాయి. అందుకని పెట్టె ముందు, మనిషి వెనక. ఇవన్నీ గేటు పక్కన నాలుగు బొమ్మల్లో చూపించొచ్చు. కానీ అక్కడ గోడ మీద బిర్యానీ బొమ్మ ఉంది. ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టిన మెట్రో, టికెట్ డబ్బుకి తోడు అద్దెలూ ప్రకటనలూ రావాల్సిందే. అది మాకూ తెలుసు. ఎటు పోవాలో చెప్పే బాణం బిర్యానీ కన్నా చిన్నదిగా ఉండాలని మాత్రం ఏ ఒప్పందంలోనూ ఉండదు.

గేటు దాటాక మళ్ళీ ఒంటిస్తంభం కష్టమే. రెండు పట్టాలకీ మధ్యలో ఒకే ప్లాట్‌ఫారం ఉంటే, అటు రైలైనా ఇటు రైలైనా అక్కడే నిలబడి ఎక్కొచ్చు. కానీ అలా కట్టాలంటే స్టేషన్‌కి చాలా ముందునుంచే రెండు పట్టాల్నీ దూరం జరపాలి, వంతెన వెడల్పవుతుంది, ఒక్క స్తంభం చాలదు, పక్క మేడలు కొట్టాలి. అందుకని పట్టాలు తిన్నగా మధ్యలోంచి పోతాయి, ప్లాట్‌ఫారాలు అటొకటి ఇటొకటి. ఫలితం ఏమిటంటే, పంజాగుట్ట వైపు పోవాల్సినవాడు పొరపాటున ఎస్సార్‌నగర్ వైపు ఎక్కితే, ఎదుటి ప్లాట్‌ఫారం చేతికందేంత దూరంలో కనబడుతూనే ఉంటుంది, కానీ కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి. 35 మెట్లు దిగుడు, 35 మెట్లు ఎగుడు. అందుకే బోర్డుని చూసుకోవాల్సింది టికెట్ల అంతస్తులోనే.

ఇక తమరి అసలు మహిమ, లైను మారడం. పొద్దున పూట మియాపూర్ నుంచి వచ్చినవాళ్ళలోనూ, ఎల్బీనగర్ నుంచి వచ్చినవాళ్ళలోనూ చాలామంది పోయేది ఒకే వైపుకి, రాయదుర్గం ఆఫీసులకి. అంటే కింద రెండు ప్లాట్‌ఫారాల జనం పైన ఒకే ప్లాట్‌ఫారం మీదికి ఎక్కాలి. ఒక రైల్లోంచి 400 మంది దిగారనుకోండి. రైలుకున్న మూడు పెట్టెలకీ కలిపి ఒక వైపు 12 తలుపులు, తలుపుకి 33 మంది, అర నిమిషంలో అంతా బయట. తరవాత? మీటరు వెడల్పున్న ఎస్కలేటరు, ఎంత నిండుగా నింపినా, నిమిషానికి 100 మందిని మించి మోయదు. ఒక్క ఎస్కలేటరునే నమ్ముకుంటే 400 మందికి నాలుగు నిమిషాలు. ఈలోగా ఎదుటి ప్లాట్‌ఫారంలో ఇంకో రైలు, దాని వెనక మరోటి. అంటే మెట్ల మీద కనబడేది రద్దీ కాదు, తీరని బాకీ. సాయంత్రం ఇదే బాకీ పైనుంచి కిందికి. అప్పుడు ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళ దారిలోకి, దిగేవాళ్ళు ఎక్కేవాళ్ళ దారిలోకి. మెట్ల నడుమ ఒక గొలుసు కట్టి, ఇటు ఎక్కుడు, అటు దిగుడు అని ఒక మనిషిని నిలబెట్టిన గంటల్లో చూడండి, సగం గొడవ తగ్గుతుంది. ఆ గొలుసుకి ఎంతవుతుందో లెక్క కట్టి పంపమంటే పంపుతాం.

కొత్తవాళ్ళకి ఒక్క మాట: లైను మారడానికి గేటు బయటికి రానక్కర్లేదు. గుంపు పోయే వైపల్లా పోతే, ఆ గుంపు ఇళ్ళకి పోయేదయితే, వాళ్ళతోపాటు గేటు దాటేసి ఇంకో టికెట్ కొనుక్కోవాల్సి వస్తుంది. జనాన్ని నమ్మకుండా రంగుని నమ్మండి, నీలి గుర్తుని పట్టుకుని పైకి, ఎర్ర గుర్తుని పట్టుకుని కిందికి.

ప్లాట్‌ఫారం మీద ఇంకో వింత. తమర్ని కట్టింది ఆరు పెట్టెల రైలు కోసం. వస్తున్నది మూడు పెట్టెల రైలు. దూరదృష్టి మెచ్చుకోదగ్గదే. కాంక్రీటుని తరవాత పొడిగించడం చచ్చేంత పని, పెట్టెలు తగిలించడం సులువు. కానీ ఆ పెట్టెలు తగిలేదాకా ప్లాట్‌ఫారంలో సగం దూరం ఊరికే నేల. రైలు ఆగని కొసన నిలబడి ఎదురుచూసిన మనిషి, రైలు వచ్చాక అది తనని దాటిపోయి ఎక్కడో ఆగడం చూసి చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెడతాడు. తలుపులు తెరిచి ఉండేది అర నిమిషం లోపు. ప్లాట్‌ఫారం అంచున గాజు తలుపులూ లేవు, ఉన్నదల్లా పసుపు గీత. పరిగెత్తేవాడు ఆ గీత మీదే పరిగెడతాడు, ఎందుకంటే గీత లోపల జనం. మూడు పెట్టెలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతాయో పైన వేలాడే బోర్డు మీద, కింద నేల మీద పెద్దగా రాయించడానికి రంగు డబ్బాలు ఎన్ని కావాలి?

ఒక్క సంగతి వ్యంగ్యంలో కలపలేం. 2019 సెప్టెంబరులో వాన పడుతుంటే తలదాచుకుందామని తమరి కింద నిలబడిన ఒక యువతి మీద కాంక్రీటు పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. ఈ ఊళ్ళో వాన వస్తే బైకులన్నీ మెట్రో కిందికే చేరతాయి. దాన్ని ట్రాఫిక్‌కి అడ్డం అని తిట్టుకోవచ్చుగానీ, ఇంత పెద్ద కప్పు ఊరంతటికీ గొడుగు కాకుండా ఎలా ఉంటుంది? కాబట్టి అడుగుభాగం గీతల్నీ పెచ్చుల్నీ, నీటి గొట్టాల అతుకుల్నీ వానాకాలం ముందొకసారి, తరవాతొకసారి సుత్తితో తట్టి చూడటం మర్యాద కోసం చేసే పని కాదు. బోలుగా మోగిన చోట అప్పటికప్పుడు గీకేసి పూయాలి.

ప్రపంచంలో చాలా మెట్రోలు పాటించే అగ్నిభద్రతా ప్రమాణం ఒకటుంది: ప్రమాదం వస్తే ప్లాట్‌ఫారం నాలుగు నిమిషాల్లో ఖాళీ కావాలి, ఆరు నిమిషాల్లో అందరూ భద్రమైన చోటికి చేరాలి. ఎన్ని మెట్లు, ఎంత వెడల్పు అనేది ఆ లెక్కతోనే గీస్తారు. ఆ లెక్కలో గొలుసేసి మూసిన మెట్లు, సరుకు పెట్టి ఇరుకు చేసిన నడవ, తాళం వేసిన అత్యవసర గేటు ఉండవు. వారానికోసారి ఎవరైనా ఆ కాగితం చేతపట్టుకుని నడిచి చూస్తే చాలు.

మేం అడిగేవి పెద్ద కోరికలేం కావు. స్తంభం ఒక్కటే కదా అని రెండోది వేయమనడం లేదు, నీలి లైనుని కిందికి దింపమనడమూ లేదు. మెట్ల పాదాల దగ్గర పది అడుగులు ఖాళీ, అది బండ్లవాళ్ళని తరిమి కాదు, పక్కన వాళ్ళకో జాగా గీసిచ్చి. దిగడానికి కూడా ఒక ఎస్కలేటరు, కనీసం సాయంత్రం పూటయినా. ఏ లిఫ్టు పనిచెయ్యడం లేదో రోడ్డు మీదే, మెట్లెక్కక ముందే తెలిసేలా ఒక పలక. తాళంచెవి ఒక్కో అంతస్తులో ఒక్కో మనిషి దగ్గర. ఇక ఆ మూడు పెట్టెలకి ఇంకో మూడు తగిలించే సంగతి తమరికన్నా పైవాళ్ళది, వాళ్ళకి వేరే ఉత్తరం రాసుకుంటాం.

జవాబు రాయదలిస్తే మా చిరునామా తెలిసిందే. ఈ ఊళ్ళో ఇంటి నంబర్లు ఎవరూ అడగరు, మెట్రో పిల్లర్ నంబరే అడుగుతారు. తమరి పిల్లరుకి ఎదురుగా, ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట, రోడ్డు మీద నిలబడి ఉంటాం.

ఇట్లు,
తమరి విధేయులు,
ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, లైను మారేవాళ్ళు